హీట్ పంపుకి అనుమతి కావాలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంగ్లండ్‌లో గ్యాస్ బాయిలర్ తీసేసి గాలి నుంచి వేడి తీసుకునే హీట్ పంపు పెట్టించుకోవాలనుకుంటున్న తెలుగువాళ్ల ప్రశ్నలివి. 2025 మే 29 నుంచి నియమాలు మారాయి. అంతకు ముందు రాసిన సలహాలే ఇంకా చేతులు మారుతున్నాయి కాబట్టి గందరగోళం సహజం. ఈ జవాబులు ఇంగ్లండ్‌కు మాత్రమే వర్తిస్తాయి. స్కాట్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లలో నియమాలు వేరు.

ప్రశ్న: మాది స్లౌలో సెమీ డిటాచ్డ్ ఇల్లు. మా గోడకీ పక్కింటి కంచెకీ మధ్య సందు మీటరున్నర ఉంటుంది. సరిహద్దుకి మీటరు దూరం వదలకపోతే ప్లానింగ్ పర్మిషన్ తప్పదని ఒక ఇన్‌స్టాలర్ అన్నారు. అక్కర్లేదని ఇంకొకరు అన్నారు. ఎవరి మాట నిజం?

రెండో ఆయన చెప్పిందే ఇప్పటి నియమం. సరిహద్దు నుంచి మీటరు దూరం అనే షరతును 2025 మే 29న తీసేశారు. అదే రోజు ఇంకో రెండు మార్పులు వచ్చాయి. బయట పెట్టే యూనిట్ పరిమాణం అంతకు ముందు 0.6 ఘనపు మీటర్లు దాటకూడదు, ఇప్పుడు మామూలు ఇళ్లకు 1.5 ఘనపు మీటర్ల దాకా ఉండొచ్చు. పూర్తిగా విడిగా ఉన్న డిటాచ్డ్ ఇంటికైతే రెండు పంపులు పెట్టుకోవచ్చు. ఒక వైపు పక్కింటితో గోడ కలిసిన మీలాంటి సెమీకి, వరసగా అతుక్కుని కట్టిన టెర్రస్ ఇంటికి ఒక్కటే. పరిమాణం లెక్క సులువే: వెడల్పు, ఎత్తు, లోతు మూడూ మీటర్లలో గుణించండి. 1.4 × 1.1 × 0.5 యూనిట్ 0.77 ఘనపు మీటర్లవుతుంది. పాత నియమంలో దీనికి దరఖాస్తు పెట్టాల్సి వచ్చేది, ఇప్పుడు అక్కర్లేదు.

అనుమతి అక్కర్లేదంటే షరతులే లేవని కాదు. ప్లానింగ్ దరఖాస్తు లేకుండా చేసుకోనిచ్చే వెసులుబాటును పర్మిటెడ్ డెవలప్‌మెంట్ అంటారు. దాని కింద పంపు పెట్టాలంటే ఇవన్నీ కుదరాలి. ఏటవాలు కప్పు మీద పెట్టకూడదు. చదును కప్పు మీదైతే అంచు నుంచి కనీసం మీటరు లోపలికి ఉండాలి. వీధి వైపున్న గోడకు గ్రౌండ్ ఫ్లోర్ కన్నా పైన బిగించకూడదు. ఇంటి ఆవరణలో గాలిమర ఉండకూడదు. ఇల్లు లిస్టెడ్ బిల్డింగ్ (చారిత్రక విలువ వల్ల చట్టం కాపాడే భవనం) కాకూడదు, అలాంటి భవనం ఆవరణలోనూ ఉండకూడదు. ఇంటి రూపురేఖల మీదా పరిసరాల మీదా ప్రభావం వీలైనంత తక్కువగా ఉండే చోటే ఎంచుకోవాలి. పంపు అక్కర్లేని రోజున తీసేయాలి. వీటన్నిటికన్నా ముఖ్యం, ఎం.సి.ఎస్. (హీట్ పంపుల వంటివాటికీ, వాటిని బిగించేవారికీ ధ్రువీకరణ ఇచ్చే పథకం) ప్లానింగ్ ప్రమాణం ప్రకారం శబ్దం లెక్క సరిపోవాలి. ఎక్కువ ఇళ్లు ఆగిపోయేది అక్కడే. ఆ లెక్క తర్వాతి జవాబులో ఉంది.

ఇక మీ సందు సంగతి. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఆ చోటు మంచిదైపోదు. యూనిట్ లోతు 45 సెంటీమీటర్లు అనుకుందాం. వెనక గాలి పీల్చుకోవడానికి దాదాపు 30 వదలాలి. కంపెనీ మాన్యువల్‌లో కచ్చితమైన కొలత ఉంటుంది, అదే పాటించండి. అక్కడికి 75 అయింది, ముందు మిగిలింది 75. ఫ్యాన్ వదిలే చల్లగాలి కంచెకు కొట్టుకుని తిరిగి యూనిట్‌లోకే వస్తుంది. పంపు తన చల్లగాలినే తను పీల్చుకుంటూ మంచు కట్టించుకుంటుంది, మాటిమాటికీ మంచు కరిగించుకోవాల్సి వస్తుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. చెత్త డబ్బాలు తీసుకెళ్లే దారి కూడా పోతుంది.

ఇంకో విషయం చాలామంది అడగడం మర్చిపోతారు. కొత్త పంపుల్లో చాలావాటిలో ఆర్-290 వాయువు ఉంటుంది. ఆర్-290 అంటే ప్రొపేన్. గాలి కన్నా బరువైనది, లీకైతే నేల మీద పాకి పల్లానికి చేరుతుంది. అందుకే యూనిట్ చుట్టూ ఒక రక్షణ పరిధిని కంపెనీ గీసి ఇస్తుంది. కొలత మోడల్‌ని బట్టి మారుతుంది, చాలావాటిలో మీటరుకు అటూ ఇటూ. ఆ పరిధిలో తలుపు, కిటికీ, గోడలోని ఎయిర్ బ్రిక్ (గాలి ఆడే రంధ్రాల ఇటుక), డ్రెయిన్ గల్లీ, కరెంటు సాకెట్ ఏవీ ఉండకూడదు. పక్కవాళ్ల స్థలంలోకి ఆ పరిధి పోకూడదు, ఎందుకంటే రేపు వాళ్లు అక్కడ ఏం పెడతారో మీ చేతిలో ఉండదు. అంటే చట్టం తీసేసిన మీటరు చాలా ఇళ్లలో కంపెనీ మాన్యువల్ రూపంలో మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మా సలహా పెరటి గోడే. అక్కడ కుదరకపోతేనే సందు గురించి ఆలోచించండి.

ప్రశ్న: రెడింగ్‌లో టెర్రస్ ఇల్లు. సర్వే చేసిన ఇన్‌స్టాలర్ “శబ్దం లెక్కలో ఫెయిలయింది, 37 దాటింది” అన్నారు. ఆ కంపెనీ బ్రోషర్‌లో మాత్రం లైబ్రరీ అంత నిశ్శబ్దం అని ఉంది. ఈ 37 ఏమిటి? ఏం మారిస్తే పాసవుతుంది?

పక్కింటివాళ్ల గది కిటికీ లేదా తలుపు మధ్య బిందువు నుంచి మీటరు బయటికి వచ్చి నిలబడండి. అక్కడికి మీ పంపు శబ్దం 37 డెసిబెల్స్ మించి చేరకూడదు. పాత పద్ధతిలో ఈ హద్దు 42 ఉండేది, కానీ అందులో పరిసరాల శబ్దం 40 అని ముందే కలిపేవారు. డెసిబెల్స్ మామూలు అంకెల్లా కలవవు. 37, 40 కలిస్తే వచ్చేది దాదాపు 42. కాబట్టి హద్దు ఉన్నట్టుండి బిగిసిందని కంగారు పడక్కర్లేదు, లెక్క రాసే తీరు మారింది.

బ్రోషర్‌లో వేసేది తరచుగా కొన్ని మీటర్ల దూరంలో వినబడే శబ్దం. లెక్కకు కావాల్సింది యంత్రం మొత్తంగా వెలువరించే శబ్ద శక్తి, ఇంగ్లీషులో సౌండ్ పవర్ లెవెల్. అందులోనూ కంపెనీ ఇచ్చిన అత్యధిక అంకె వాడాలి. నైట్ మోడ్ అంకె చెల్లదు. మీ కాగితాల్లో ముందు ఇదే చూడండి.

ఉదాహరణకు శబ్ద శక్తి 58 డెసిబెల్స్ అనుకోండి. యూనిట్ ఒక గోడకు ఆనుకుని నేల మీద ఉంది, పక్కింటి కిటికీ కొలత బిందువుకు 4 మీటర్ల దూరం. ఆ దూరానికి 17 తగ్గుతుంది: 58 − 17 = 41. ఫెయిల్. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతుంది, కాబట్టి 8 మీటర్లకు 35. పాస్. అదే యూనిట్‌ని రెండు గోడలు కలిసే మూలలో పెడితే శబ్దం చెదరకుండా ముందుకే వస్తుంది, 3 కలుస్తుంది. 8 మీటర్ల దూరంలో కూడా 38 అయి ఫెయిలవుతుంది. మూల చూడ్డానికి ఒద్దికగా ఉంటుంది కాబట్టి అందరూ అదే చూపిస్తారు. లెక్కకు అది అన్నిటికన్నా చెడ్డ చోటు.

అడ్డుగోడ సాయం చేస్తుంది. కిటికీ ముందున్న కొలత బిందువు నుంచి చూస్తే యూనిట్ ఎక్కడా కనబడకపోతే 10 తగ్గించుకోవచ్చు. అటూ ఇటూ 25 సెంటీమీటర్లు జరిగితే కనబడేట్టయితే 5 మాత్రమే. పై ఉదాహరణలో 41 నుంచి 5 తీస్తే 36, పాసయిపోతుంది. కానీ అడ్డు గట్టిదై ఉండాలి: ఇటుక గోడ, లేదా సందుల్లేని చెక్క కంచె. జాలీ కంచె, మొక్కల వరస లెక్కలోకి రావు. మేడ మీది పడకగది కిటికీకి ఆరడుగుల కంచె అడ్డు రాదని కూడా గుర్తుంచుకోండి. చాలా సర్వేల్లో కింది కిటికీకి లెక్క కట్టి పై కిటికీ మర్చిపోతారు.

బాత్రూం, టాయిలెట్, వంటగది కిటికీలు లెక్కలోకి రావు. కాకపోతే వంటగది, భోజనాల గది కలిపేసిన ఇళ్లే ఇప్పుడు ఎక్కువ. అలాంటిదాన్ని నివాస గదిగానే లెక్కవేయించండి.

కాబట్టి మీరు చేయాల్సింది: ఇన్‌స్టాలర్‌ను శబ్దం లెక్క కాగితం అడగండి. ఏ కిటికీకి ఎంత దూరం కొలిచారు, ఎన్ని గోడలు చూపించారు, అడ్డు ఉన్నట్టు రాశారా లేదా, ఈ మూడూ టేపు పట్టుకుని మీరే సరిచూసుకోండి. యూనిట్‌ని మూల నుంచి తప్పించి గోడ వెంబడి జరిపి చూడమనండి. అప్పటికీ కుదరకపోతే శబ్ద శక్తి 3, 4 డెసిబెల్స్ తక్కువున్న మోడల్ చూడమనండి. ఏదీ కుదరకపోతే ప్లానింగ్ దరఖాస్తు దారి ఉండనే ఉంది. ఈ లెక్కలో ఫెయిలయితే పంపు నిషిద్ధమని కాదు, కౌన్సిల్ చూసి నిర్ణయించాలని మాత్రమే అర్థం. మామూలుగా నిర్ణయానికి 8 వారాల గడువు.

ప్రశ్న: మా వీధి కన్సర్వేషన్ ఏరియాలో ఉంది. పెరడు చిన్నది. ఇంటి ముందు గులకరాళ్లు పోసిన జాగా ఖాళీగానే ఉంది. అక్కడ పెట్టొచ్చా?

దరఖాస్తు లేకుండా కుదరదు. కన్సర్వేషన్ ఏరియా అంటే పాత రూపం కాపాడాలని కౌన్సిల్ గుర్తించిన ప్రాంతం. అక్కడ వీధి వైపు గోడకు గానీ కప్పుకు గానీ బిగించకూడదు. నేల మీద పెట్టినా, వీధికి దగ్గరగా ఉన్న ఇంటి భాగం కన్నా పంపు వీధికి దగ్గర కాకూడదు. మూల మీది ఇల్లయితే రెండు వైపులా వీధే, కాబట్టి రెండు వైపులా ఇదే నియమం.

పెరడు ఎంత చిన్నదైనా ముందు అక్కడ లెక్క వేయించండి. వెనక వంటగది భాగానికి చదును కప్పు ఉంటే, అది వీధి వైపు తిరిగి లేకపోతే, అంచు నుంచి మీటరు లోపలికి పెట్టే వీలుంది. కాకపోతే బరువు, కంపనం రెండూ ఆ కప్పు మోయాలి. స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడకుండా ఒప్పుకోకండి.

ఇంటి ముందే దిక్కయితే దరఖాస్తుతో పాటు యూనిట్ కొలతలు, శబ్దం లెక్క, ఎంత ఎత్తు కంచెతో మరుగుపరుస్తారో చూపే గీత, వెనక ఎందుకు కుదరదో ఒక పేరా జతచేయండి. ఆ చివరి పేరా లేని దరఖాస్తులు బలహీనపడతాయి.

లిస్టెడ్ బిల్డింగ్ అయితే సంగతి పూర్తిగా వేరు. ప్లానింగ్ పర్మిషన్‌తో పాటు లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ కూడా అవసరమవుతుంది. గోడకు పైపు కోసం రంధ్రం చేసినా ఆ కన్సెంట్ పరిధిలోకి రావచ్చు. అది లేకుండా పని చేయించడం క్రిమినల్ నేరం, దానికి ఫీజు లేదు కాబట్టి వెనకాడాల్సిన పనీ లేదు.

ప్రశ్న: మిల్టన్ కీన్స్‌లో కొత్త ఎస్టేట్ ఇల్లు కొన్నాం. కన్సర్వేషన్ ఏరియా కాదు, లిస్టెడ్ కాదు. ఇక ఏ అడ్డూ లేనట్టేనా?

రెండు కాగితాలు తీయండి. ఒకటి, మీ ఎస్టేట్‌కు బిల్డర్ తెచ్చుకున్న అసలు ప్లానింగ్ పర్మిషన్. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులోని షరతుల్లో పర్మిటెడ్ డెవలప్‌మెంట్ హక్కులు తీసేశారేమో, ముఖ్యంగా పార్ట్ 14 పేరెత్తారేమో చూడండి. హీట్ పంపుల నియమాలు ఆ పార్ట్‌లోనే ఉన్నాయి. రెండు, ఇల్లు కొన్నప్పుడు సొలిసిటర్ ఇచ్చిన టైటిల్ పత్రాల్లోని కవనెంట్లు, అంటే ఇంటి వాడకం మీద పెట్టిన షరతులు. బయట ఏదైనా బిగించాలంటే బిల్డర్ లేదా ఎస్టేట్ మేనేజ్‌మెంట్ కంపెనీ సమ్మతి కావాలన్న మాట అందులో ఉండొచ్చు. కౌన్సిల్ ఒప్పుకున్నా అది విడిగా తెచ్చుకోవాల్సిందే. పాత వీధుల్లో ఉన్నవాళ్లు ఆర్టికల్ 4 ఆదేశం ఉందేమో కూడా చూసుకోవాలి. దాంతో కౌన్సిల్ ఆ వీధికి కొన్ని హక్కులు ఆపేయగలదు.

అంతా సరిగా ఉంటే, ఇల్లు అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ తీసుకోవడం మేలు. తప్పనిసరి కాదు. ఫీజు మామూలు దరఖాస్తులో సగం. కొనేవాళ్ల సొలిసిటర్ అడిగినప్పుడు ఆ ఒక్క కాగితంతో మాట తేలిపోతుంది.

ప్రశ్న: మాది మూడో అంతస్తులో లీజ్‌హోల్డ్ ఫ్లాట్. బాల్కనీలో పెట్టుకోవచ్చా?

కష్టం. ఫ్లాట్ల భవనం మొత్తానికి దరఖాస్తు లేకుండా అనుమతించేది ఒక్క పంపే, అది కూడా పాత 0.6 ఘనపు మీటర్ల హద్దులో. ముందే ఎవరో పెట్టుకుని ఉంటే మీకు ప్లానింగ్ పర్మిషన్ కావాలి. ఎలాగైనా భవనం యజమాని అయిన ఫ్రీహోల్డర్ రాతపూర్వక సమ్మతి తప్పదు, గోడ మీది కాదు కాబట్టి. మిగతా ఫ్లాట్ల వాళ్లతో కలిసి భవనానికంతటికీ ఒకే పంపు అడగడమే నడిచే దారి.

ప్రశ్న: హైదరాబాద్‌లో స్ప్లిట్ ఏసీ ఉన్నట్టే ఇక్కడ పడకగదిలో వేడి, చల్లదనం రెండూ ఇచ్చేది పెట్టించాలనుకుంటున్నాం. తెలిసినవాళ్లలో ఏసీ మెకానిక్ ఉన్నారు, తక్కువలో పెడతానంటున్నారు. దీనికి కూడా అనుమతి అక్కర్లేదా?

సూత్రం ఒకటే. ఏసీ ఇంటి లోపలి వేడిని బయటికి తోస్తుంది, హీట్ పంపు బయటి వేడిని లోపలికి లాగుతుంది. రెండు వైపులా పనిచేసే యంత్రం రెండూ చేస్తుంది. 2025 మే దాకా వెసులుబాటు వేడి కోసం మాత్రమే వాడే యంత్రానికే ఉండేది. ఇప్పుడు చల్లదనం కూడా ఇవ్వొచ్చు, కానీ చల్లదనం కోసమే పెట్టింది అయి ఉండకూడదు. కూలింగ్ మాత్రమే ఇచ్చే యూనిట్‌కు ఈ దారి లేదు.

మీ మెకానిక్ దగ్గర మెలిక ఉంది. ఈ వెసులుబాటు ఎం.సి.ఎస్. ప్రమాణం పాటించిన పనికే వర్తిస్తుంది. అందులో శబ్దం లెక్కతో పాటు అర్హత ఉన్న ఇన్‌స్టాలర్ అనే షరతూ ఉంది. ఎం.సి.ఎస్. సర్టిఫికెట్ లేనివారు బిగిస్తే, ఎంత చక్కగా బిగించినా, పర్మిటెడ్ డెవలప్‌మెంట్ కింద చెప్పుకోవడం కష్టం. గ్యాస్ నింపే పనికి ఎఫ్-గ్యాస్ అర్హత విడిగా ఉండాలి. అనుమతి లేని పని మీద కౌన్సిల్ చర్య తీసుకునే గడువు 2024 ఏప్రిల్ 25 నుంచి అన్ని రకాల ఉల్లంఘనలకూ 10 ఏళ్లు. అంతకు ముందు ఇలాంటి పనులకు నాలుగేళ్లుండేది. తక్కువ ఖర్చు చూసుకుని పదేళ్లు ఆ భయంతో ఉండడం మంచిది కాదు. ఇంటికంతా వేడినీళ్ల రేడియేటర్లకు పనిచేసే హీట్ పంపుకిచ్చే 7,500 పౌండ్ల గ్రాంటు మొత్తం కూడా ఇలాంటి గది ఏసీకి రాదు.

ప్రశ్న: ఆ గ్రాంటు ఎలా వస్తుంది? ఇంకో సందేహం: చలికాలంలో మా అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండడానికి వస్తారు. వాళ్లకు గది 24 డిగ్రీలుండాలి. శనివారం అందరికీ తలస్నానాలు. హీట్ పంపుతో నీళ్లు చాలవని భయపెడుతున్నారు.

గ్రాంటు పేరు బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2023 అక్టోబర్ 23 నుంచి 7,500 పౌండ్లు. మీరు దరఖాస్తు పెట్టరు, ఎం.సి.ఎస్. ఇన్‌స్టాలరే ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్‌కు పెట్టి, మొత్తం మీ బిల్లులో తగ్గిస్తారు. మీ ఇమెయిల్‌కు వచ్చే ధ్రువీకరణకు మీరు జవాబివ్వాలి, అది స్పామ్‌లో పడి ఆగిపోయిన పనులున్నాయి. వోచర్ 3 నెలలే చెల్లుతుంది. కాబట్టి ప్లానింగ్ పర్మిషన్ కావాల్సిన ఇల్లయితే అది చేతికొచ్చాకే వోచర్‌కు పంపమనండి. పంపు ఇల్లంతటికీ వేడిని, వేడినీళ్లను అందించగలగాలి, పాత గ్యాస్ బాయిలర్‌ను పక్కన ఉంచుకుంటామంటే కుదరదు. వ్యాట్ 2027 మార్చి 31 దాకా సున్నా.

అమ్మానాన్నల సంగతి ఇన్‌స్టాలర్‌కు మొదటి రోజే చెప్పండి. బిగించాక చెప్తే లాభం లేదు. హాలుకు మామూలుగా 21 డిగ్రీలకు లెక్క వేస్తారు. బయట −2 ఉన్న రోజున తేడా 23 డిగ్రీలు. 24 కావాలంటే తేడా 26. అంటే ఇల్లంతా అలా ఉంచితే 6 కిలోవాట్ల వేడి చాలిన చోట 6.8 కావాలి. అక్కడితో అయిపోదు. రేడియేటర్ ఇచ్చే వేడి, నీళ్లకూ గదికీ మధ్య తేడాను బట్టి ఉంటుంది. కేటలాగులో 1,500 వాట్లు అని రాసింది ఆ తేడా 50 డిగ్రీలున్నప్పటి మాట. హీట్ పంపు 45 డిగ్రీల నీళ్లు పంపి అవి 40కి చల్లబడి తిరిగొస్తే, 21 డిగ్రీల గదిలో ఆ రేడియేటర్ ఇచ్చేది దాదాపు 500 వాట్లు. 24 డిగ్రీల గదిలో 410. కావాల్సింది పెరుగుతుంది, వచ్చేది తగ్గుతుంది. అందుకే “హీట్ పంపు పెట్టాక ఇల్లు వేడెక్కట్లేదు” అనే ఫిర్యాదుల్లో తప్పు తరచుగా పంపుది కాదు, మార్చకుండా వదిలేసిన చిన్న రేడియేటర్లది. పెద్దవాళ్లు ఉండే గదికి, హాలుకు మాత్రం 24కి లెక్క వేయించి, ఆ రెండు గదుల్లో మందపాటి రెండు పలకల రేడియేటర్లు పెట్టించండి. ఇల్లంతటి నీళ్ల వేడి 55కి పెంచి సర్దేస్తామంటే ఒప్పుకోకండి, ఏడాది పొడుగునా బిల్లు మీరు కడతారు.

స్నానాల లెక్క ఇది. షవర్ నిమిషానికి 8 లీటర్లు, మనిషికి 8 నిమిషాలంటే 64 లీటర్లు. 200 లీటర్ల ట్యాంకులో 50 డిగ్రీల నీళ్లుంటే, 10 డిగ్రీల చన్నీళ్లు కలిపి 40 డిగ్రీల స్నానం నీళ్లు 265 లీటర్ల దాకా వస్తాయి. నలుగురికి సరిపోతుంది. ఆరుగురికి 384 కావాలి, పైగా తలస్నానానికి నిమిషాలు ఎక్కువ. మీకు 250 నుంచి 300 లీటర్ల ట్యాంకు వేయించండి. 7 కిలోవాట్ల పంపు 200 లీటర్లను మళ్లీ వేడి చేయడానికి గంటన్నర లోపు పడుతుంది, కాబట్టి శనివారం తెల్లవారుజామున ఒకసారి, పదింటికి ఒకసారి టైమర్ పెట్టుకోండి. వారానికోసారి నీళ్లను 60 డిగ్రీలకు తెచ్చే సెట్టింగ్ మాత్రం ఆపకండి, అది లీజియోనెల్లా బ్యాక్టీరియా పెరగకుండా.

ట్యాంకుకు చోటు ముందే చూసుకోండి. ఇప్పుడు కాంబీ బాయిలర్ ఉన్నవాళ్లకు అసలు ట్యాంకే ఉండదు. 250 లీటర్ల ట్యాంకు నిండితే 300 కిలోలు దాటుతుంది. మేడ మీది చెక్క నేల దాన్ని మోస్తుందో లేదో చూడాలి. పీడనంతో నడిచే ట్యాంకు బిగించేవారికి జి-3 అర్హత ఉండాలి. పని అయ్యాక బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్, ఎం.సి.ఎస్. సర్టిఫికెట్ రెండూ అడిగి తీసుకోండి. ప్లానింగ్ వేరు, బిల్డింగ్ రెగ్యులేషన్స్ వేరు. మొదటిది అక్కర్లేని ఇంటికి కూడా రెండోది తప్పదు.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారు చార్జర్ ముందే ఉంది. మెయిన్ ఫ్యూజు 60 ఆంపియర్లు. హీట్ పంపు కూడా పడుతుందా?

60 ఆంపియర్లంటే 230 వోల్టుల దగ్గర 13.8 కిలోవాట్లు. చార్జర్ 7.4, పంపు గట్టి చలిలో దాదాపు 3, ట్యాంకులోని ఇమ్మర్షన్ హీటర్ 3. అప్పటికే 13.4 అయింది, ఇంకా పొయ్యి వెలిగించలేదు. ఎలక్ట్రిక్ షవర్ ఉంటే దానికే 9. మీ ప్రాంతపు కరెంటు నెట్‌వర్క్ సంస్థకు ఇన్‌స్టాలర్ దరఖాస్తు పంపాలి. వాళ్లు ఫ్యూజును 80 లేదా 100కి మార్చగలరేమో చూస్తారు. మీ తీగ పక్కింటితో కలిసి ఉంటే దాన్ని విడదీయాలి, దానికి వారాలు పట్టొచ్చు. అందుకే ఈ దరఖాస్తు మొదటి వారంలోనే వెళ్లాలి. చార్జర్‌కు లోడ్ చూసుకుని తగ్గించే పరికరం ఉంటే చాలా ఇళ్లలో ఫ్యూజు మార్పుతోనే పని జరుగుతుంది.

ప్రశ్న: వాస్తు ప్రకారం ఆగ్నేయంలోనే పెట్టాలని అత్తగారు అంటున్నారు. దానికి ఎండ అవసరమా?

ఎండ అక్కర్లేదు, గాలి ఆడితే చాలు. ఆగ్నేయంలో పక్కింటి కిటికీకి దూరం చాలి, శబ్దం లెక్క పాసై, గ్యాస్ రక్షణ పరిధిలో తలుపులూ డ్రెయిన్లూ లేకపోతే నిస్సందేహంగా అక్కడే పెట్టండి. ఆ మూడింటిలో ఏది తప్పినా మాత్రం ఇంకో దిక్కు చూడాల్సిందే. ఆ లెక్క కాగితం అత్తగారికీ చూపించండి, పక్కింటివాళ్ల నిద్ర సంగతి ఆవిడా ఒప్పుకుంటారు.

ప్రశ్న: నియమాలన్నీ పాటించి రెండు నెలల క్రితం బిగించుకున్నాం. తెల్లవారుజామున హోరు వస్తోందని పక్కింటాయన కౌన్సిల్‌కు చెప్తానంటున్నారు. అనుమతి అక్కర్లేని పని మీద ఆయన ఏం చేయగలరు?

చేయగలరు. ప్లానింగ్ పరంగా మీరు సరిగ్గా ఉన్నా, 1990 నాటి ఎన్విరాన్‌మెంటల్ ప్రొటెక్షన్ చట్టం కింద శబ్దం బాధగా ఉందని ఫిర్యాదు వస్తే కౌన్సిల్ చూడాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు. ముందు ఆయనను టీకి పిలిచి ఏ సమయంలో, ఏ గదిలో, హోరా గుయ్యిమనే మోతా అడిగి రాసుకోండి. జవాబును బట్టి కారణం తేలుతుంది.

తెల్లవారుజామున అంటున్నారు కాబట్టి మొదట టైమర్ చూడండి. గ్యాస్ బాయిలర్ అలవాటులో రాత్రి 16 డిగ్రీలకు దించి, ఆరింటికి 21 కావాలని పెట్టుంటారు. ఆ అయిదు డిగ్రీలు ఎక్కించడానికి పంపు అతి చలి వేళలో పూర్తి వేగంతో తిరుగుతుంది. రాత్రి తగ్గింపును 1, 2 డిగ్రీలకే పరిమితం చేసి, బయటి చలిని బట్టి నీళ్ల వేడిని మార్చే వెదర్ కాంపెన్సేషన్ సెట్టింగ్ పెట్టించండి. పంపు నెమ్మదిగా, ఆగకుండా నడుస్తుంది. శబ్దమూ తగ్గుతుంది, బిల్లూ తగ్గుతుంది. వేడినీళ్లు కాచే సమయాన్ని కూడా మధ్యాహ్నానికి జరపండి, పంపు ఎక్కువ కష్టపడేది ఆ పనిలోనే.

గోడలోంచి గుయ్యిమని వినబడుతోందంటే అది గాలిలో వచ్చే శబ్దం కాదు, కంపనం. యూనిట్ కింద రబ్బరు పాదాలున్నాయా, పైపులు యూనిట్‌కు తగిలే చోట వంగే గొట్టాలు వేశారా, కాంక్రీటు దిమ్మె ఇంటి పునాదికి అతుక్కుని ఉందా చూడండి. ఇద్దరికీ ఉమ్మడి అయిన గోడకు బ్రాకెట్లతో వేలాడదీసి ఉంటే అదే కారణం. నేల మీదికి దించాల్సిందే.

గంటకోసారి ఉస్సుమని ఆవిరి వస్తోందంటే అది మంచు కరిగించుకోవడం. బయట 0 నుంచి 5 డిగ్రీల తేమ రోజుల్లో ఇది మామూలే. మరీ తరచుగా వస్తుంటే వెనక ఆకులు అడ్డం పడ్డాయేమో, గాలి తిరిగొస్తోందేమో చూడండి. ఆ కరిగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయో కూడా చూడండి. యూనిట్ కింద గులకరాళ్ల గుంట తీసి, పునాదికి దూరంగా ఇంకేలా చేయాలి. కాలిబాట మీదికి వదిలితే రాత్రికి గడ్డకట్టి పొద్దున్నే పాలు తెచ్చుకోవడానికి వెళ్లేవాళ్లు జారిపడతారు.

ఇవన్నీ చేశాక కూడా కౌన్సిల్ నుంచి ఉత్తరం వస్తే శబ్దం లెక్క, ఎం.సి.ఎస్. సర్టిఫికెట్, మీరు మార్చిన సెట్టింగుల తేదీలు కలిపి పంపండి. సర్టిఫికెట్ మీద రాసిన మోడల్, బయట నిలబెట్టిన యూనిట్ మీది ప్లేటు ఒకటేనా అని ముందు చూసుకోండి. సరుకు దొరక్క వేరే మోడల్ తెచ్చి బిగిస్తే లెక్క మళ్లీ కొత్తగా వేయించాలి.